ఇంజిన్ మోత వినిపించకుండా మోటోక్రాస్ ఎలా గెలుస్తారు?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: "యాష్లీ ఫియోలెక్ అనే అమెరికన్ అమ్మాయి పుట్టుకతోనే వినికిడి లేకపోయినా మోటోక్రాస్‌లో (మట్టి ట్రాక్ మీద గుట్టలు దూకుతూ సాగే బైకు రేసు) నాలుగుసార్లు ఛాంపియన్ అయిందని చదివాను. ఇంజిన్ మోత వినపడకుండా గేరు ఎప్పుడు మార్చాలో ఎలా తెలుస్తుంది? వెనక నుంచి వచ్చే బండి సంగతేంటి? మా పాపకు పదమూడేళ్లు, తనకూ వినపడదు. డర్ట్ బైక్ నేర్చుకుంటానని ఒకటే గొడవ. నేర్పించొచ్చా?"

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. గేరు సంగతికొస్తే, ఆమె ఇంజిన్ వణుకుని అరచేతులతో, అరికాళ్లతో పసిగట్టేది. ఏదో పొగడ్త కోసం అంటున్న మాట కాదు, లెక్క కూడా కింద చెబుతాను. వెనక బండి విషయంలో మాత్రం నిజంగానే లోటు ఉంది. దాన్ని సగం కళ్లతో, సగం క్రమశిక్షణతో పూడ్చుకుంది. ఇక మీ పాప. నేర్పించొచ్చు. అయితే మీరు కంగారు పడాల్సింది చెవి గురించి కాదు. ముందు కళ్లు చూపించండి, తర్వాత బ్యాలెన్స్ పరీక్ష చేయించండి. ఎందుకో చివర్లో రాశాను. తొందరుంటే నేరుగా అక్కడికే వెళ్లిపోండి.

నా సంగతి రెండు ముక్కల్లో. మాది తెనాలి. ఇరవై ఏళ్లు దాటింది మిషిగన్ వచ్చి. బండ్ల మోతలు, వణుకులు కొలవడం నా ఉద్యోగం. స్టీరింగ్ ఎందుకు అదురుతోంది, సీటు కింద గురగుర ఎక్కణ్ణుంచి వస్తోంది, రోజంతా ఇదే పని. నలభై దాటాక డర్ట్ బైక్ పిచ్చి పట్టింది. పందేల్లో ఎప్పుడూ వెనక వరసే. మోకాలు దెబ్బతిన్నాక బండి దిగి, శని ఆదివారాలు ట్రాక్ మీద జెండా పట్టుకుని జంపుల పక్కన నిలబడటం మొదలుపెట్టాను. మా ఆవిడ ఆడియాలజిస్టు, అంటే వినికిడి పరీక్షల నిపుణురాలు. అంచేత మీ ప్రశ్న మా ఇంట్లో అన్నం దగ్గర ఎన్నిసార్లు నలిగిందో లెక్కలేదు.

ఫియోలెక్ గురించి తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. 1990లో డియర్‌బోర్న్‌లో పుట్టింది. ఫోర్డ్ కంపెనీ ఊరు, నేను రోజూ ఆఫీసుకి వెళ్లే దారి. నాన్న, తాత ఇద్దరికీ బండ్ల సరదా ఉంది. చిన్నపిల్లల బండి మీద అడవి దారుల్లో మొదలుపెట్టింది. తర్వాత కుటుంబం ఫ్లోరిడాలోని సెయింట్ అగస్టిన్‌కి మకాం మార్చింది. ఆ ఊళ్లో బధిరులకూ అంధులకూ 1885 నుంచి నడుస్తున్న ప్రభుత్వ పాఠశాల ఉంది. పైగా అక్కడ చలికాలంలోనూ మట్టిలో బండి తిప్పుకోవచ్చు. మా మిషిగన్‌లో అయితే డిసెంబరు నుంచి మార్చి దాకా బండి గరాజులో దుప్పటి కప్పుకుని పడుకోవాల్సిందే. 2008లో, పదిహేడేళ్లకే అమెరికా మహిళల ప్రొఫెషనల్ మోటోక్రాస్ టైటిల్ కొట్టింది. 2009లో మళ్లీ. 2010లో ఆ టైటిల్ జెస్సికా ప్యాటర్సన్ లాక్కుంది. ఆవిడా మామూలు మనిషి కాదు. 2011, 2012ల్లో తిరిగి ఫియోలెక్‌దే. మధ్యలో 2009, 2010 ఎక్స్ గేమ్స్‌లో (సాహస క్రీడల పోటీలు) రెండు బంగారు పతకాలు. 2009లో అమెరికన్ హోండా ఆమెను తన ఫ్యాక్టరీ జట్టులోకి, అంటే కంపెనీ సొంత రేసు జట్టులోకి తీసుకుంది. ఆ జట్టులో చోటు దొరికిన మొదటి మహిళ ఆమె.

గేరు లెక్క

మోటోక్రాస్ బండికి స్పీడోమీటరు ఉండదు, ఆర్‌పీఎం ముల్లూ ఉండదు. ఉన్నా చూసే తీరిక ఎవడికీ ఉండదు. మరి చెవులు వినిపించేవాళ్లు గేరు ఎలా మారుస్తారు? "మోత విని" అంటారు అందరూ. నేనూ అలాగే అనుకునేవాణ్ణి.

250 సీసీ ఫోర్ స్ట్రోక్ బండికి ఒకటే సిలిండరు. పిస్టన్ పైకీ కిందకీ కొట్టుకుంటుంటే బండి మొత్తం దానితో పాటు అదురుతుంది, పిస్టన్ తిప్పే ఇరుసు, అంటే క్రాంకు, తిరిగే ఒక్కో చుట్టుకీ ఒక్కో అదురు. లోపల అదురుని అణిచే బ్యాలెన్సర్ షాఫ్టు ఉన్నా ఆ అదురు తగ్గుతుందే గాని పోదు. నిమిషానికి 6,000 చుట్లంటే సెకనుకి 100 అదుర్లు. 12,000 అంటే 200. 13,000 దాకా లాగితే సెకనుకి 217.

ఇప్పుడు చేతి సంగతి చూడండి. మన వేళ్ల చర్మం అడుగున ఉల్లిపాయలా పొరలు పొరలుగా ఉండే చిన్న గ్రాహకాలు ఉంటాయి. పాసీనియన్ కార్పజల్స్ అంటారు. వణుకు పసిగట్టడమే వాటి పని. అవి అన్నిటికన్నా చురుగ్గా ఉండేది సెకనుకి 200 నుంచి 300 అదుర్ల మధ్య. అంటే గేరు మార్చాల్సిన చోటుకీ, వేళ్లు బాగా పదునుగా ఉండే చోటుకీ చుట్టరికం ఉంది. ఈ లెక్క మొదటిసారి కాగితం మీద వేసుకున్నప్పుడు నాకు నవ్వొచ్చింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అని సామెత చెబుతాం కదా, ఆ శంఖాన్ని ఒకసారి ఆ మనిషి చేతికిచ్చి ఊది చూడండి.

ఇక్కడో మెలిక ఉంది, దాచను. వణుకు ఉందా లేదా అనేది చర్మం బాగానే చెబుతుంది. కానీ ఈ వణుకుకీ ఆ వణుకుకీ తేడా చెప్పడంలో చెవి ముందు చర్మం ఎందుకూ కొరగాదు. సంగీతం వచ్చినవాళ్లు స్వరంలో వెంట్రుకవాసి తేడా పట్టేస్తారు. వేళ్లకి ఆ తేడా తెలియాలంటే అది బాగా పెద్దదై ఉండాలి. మరి గేరు మార్చాల్సిన చోటు అంత కచ్చితంగా ఎలా దొరుకుతుంది?

దీనికి జవాబు నా ఉద్యోగంలో దొరికింది. హ్యాండిల్ కడ్డీకి తనదైన ఒక ఊగు ఉంటుంది. గుడిగంటకి ఒక నాదం ఉన్నట్టే. ఇంజిన్ అదురు సరిగ్గా ఆ ఊగుతో కలిసినప్పుడు కడ్డీ ఒక్కసారిగా జివ్వుమంటుంది, అది దాటగానే సద్దుమణుగుతుంది. అలాగే పాదం ఆనే ఫుట్‌పెగ్‌కి ఒకచోట, మోకాళ్లు ఆనే ట్యాంకు దగ్గర ఇంకోచోట. ఇవి బండి మీద మైలురాళ్లు. "చేతుల్లో జివ్వుమంది, పాదం కింద ఇంకా లేదు" అంటే ఇంజిన్ ఎక్కడుందో తెలిసిపోతుంది. దానికి తోడు ఒంటికి తెలిసే లాగుడు ఉంది. గేరు ఎక్కువైతే బండి దడదడలాడుతూ ఈడ్చుకుపోతుంది. తక్కువైతే సన్నగా జుమ్మంటుంది గాని ముందుకి లాగదు. ఫియోలెక్ ఇంజిన్ వణుకుని బట్టే గేర్లు మారుస్తానని ఎన్నో ఇంటర్వ్యూల్లో చెప్పింది. ఆ మాటని నేను నూటికి నూరుపాళ్లు నమ్ముతాను.

నమ్మకానికి ఇంకో కారణం కూడా ఉంది. ఒక వేసవిలో దాన్ని నా మీదే పరీక్షించుకున్నాను. స్నేహితుడి పొలంలో చిన్న ట్రాక్ ఉంది. ఎవరూ లేనప్పుడు, చెవుల్లోకి ఇయర్‌ఫోన్లు గట్టిగా దూర్చి, వాన హోరు పెట్టుకుని, పైన హెల్మెట్ పెట్టి బయల్దేరాను. (దయచేసి ఈ పని మీరు చేయకండి. నా పక్కన ఇంకో బండి ఉండదని తెలిసే చేశాను.) మొదటి మలుపులోనే పరువు పోయింది. రెండో గేరులో ఉన్నాననుకున్నాను, ఉన్నది మూడో గేరులో. బండి రెండు కుదుపులు కుదిపి ఆగిపోయింది. ఆగిపోయిందని కూడా నాకు తెలియలేదు. థ్రాటిల్ తిప్పుతూనే ఉన్నాను, బండి పక్కకి ఒరిగి నేను గడ్డిలో పడ్డాక తెలిసింది. మూడో వారాంతానికి మలుపుల్లో గేరు తప్పడం తగ్గింది. జంపుల దగ్గర మాత్రం చివరిదాకా భయమే. గాల్లో ఉన్నప్పుడు చక్రానికి నేల తగలదు, లాగుడు ఉండదు, ఇక మిగిలేది చేతుల్లోని జివ్వు ఒక్కటే. ఆమె మాత్రం పుట్టినప్పటి నుంచీ ఆ జివ్వుతోనే పెరిగింది. నేను మూడు వారాలు అరువు తెచ్చుకున్నాను, అంతే తేడా.

ఆ ప్రయోగంలో అనుకోకుండా ఇంకొకటి తెలిసింది. భయంతో హ్యాండిల్‌ని ఎంత గట్టిగా బిగిస్తే అంత తక్కువ తెలుస్తుంది. ముంజేతులు బండబారిపోతాయి, వేళ్లు మొద్దుబారతాయి. మోటోక్రాస్ వాళ్లు దీన్నే ఆర్మ్ పంప్ అంటారు, అందరికీ ఉన్న తిప్పలే. వినిపించేవాడికి అప్పుడు పట్టు పోతుంది. వినిపించనివాళ్లకి పట్టుతో పాటు "వినికిడి" కూడా పోతుంది. అందుకే వదులుగా పట్టుకోవడం వాళ్లకి మొదటి పాఠం. మందపాటి గ్లౌజులు, రబ్బరు బుష్‌ల మీద కూర్చునే హ్యాండిల్ క్లాంపులు చేతులకి హాయిగానే ఉంటాయి గాని ఆ జివ్వుని మింగేస్తాయి. మెకానిక్ మంచి చేస్తున్నాననుకుని కడ్డీ మార్చేస్తే పాత మైలురాళ్లన్నీ చోటు మారిపోతాయి. అలా మార్చిన రోజున నేరుగా రేసుకి పంపకూడదు.

మొదలెట్టేటప్పుడు పిస్తోలు పేలదు

పరుగు పందెంలో పిస్తోలు పేలుతుంది. చెవులు వినిపించని పరుగువీరులకు అదో పెద్ద సమస్య, అందుకే వాళ్ల ఒలింపిక్స్ లాంటి డెఫ్లింపిక్స్‌లో దీపాలు పెడతారు. మోటోక్రాస్‌లో ఆ గొడవే లేదు. నలభై బండ్లు ఒకే వరసలో ఇనుప గేటు వెనక నిలబడతాయి. ఒక మనిషి 30 సెకన్ల బోర్డు పట్టుకుని చూపిస్తాడు. దాన్ని పక్కకి తిప్పాడంటే, ఆ తర్వాత ఐదు నుంచి పది సెకన్లలోపు ఎప్పుడైనా గేటు పడుతుంది. అంతా చూపుతోనే. అనుభవం ఉన్నవాళ్ల కళ్లు గేటు అడుగున ఉండే పిన్ను మీదే ఉంటాయి, అది కదిలితే క్లచ్ వదులుతారు.

ఆ క్షణంలో నలభై ఇంజిన్లు ఒకేసారి అరుస్తుంటాయి. అందులో తన ఇంజిన్ ఏదో ఎవడికీ వినపడదు. నేను ఆ వరసలో ఎన్నిసార్లు నిలబడ్డానో. నా బండి ఆగిపోయినా తెలిసేది కాదు, ఓ చేతిని ట్యాంకుకి ఆనించి చూసుకునేవాణ్ణి. అంటే రేసు మొత్తంలో అన్నిటికన్నా కీలకమైన పది సెకన్లలో ఆ వరసలో వినికిడి ఉన్నవాడు ఒక్కడూ లేడు. ఫియోలెక్‌కి ఆ స్థితి అలవాటు, మిగతావాళ్లకి కొత్త.

రేసు నడుస్తున్నప్పుడూ అంతే. రైడరుతో రేడియోలో మాట్లాడే పద్ధతి ఇక్కడ లేదు. మెకానిక్ ట్రాక్ పక్కన నిలబడి పలక మీద సుద్దతోనో మార్కరుతోనో రాసి చూపిస్తాడు. మిగతాదంతా జెండాల పని. పసుపు ఊపితే ముందు ఎవరో పడ్డారు, జంప్ చేయకు. ఎర్రది అయితే రేసు ఆపేశారు. తెలుపంటే ఇంకొక్క ల్యాపు, అంటే ట్రాక్ చుట్టూ ఇంకొక్క చుట్టు. నీలం అయితే నీకన్నా ఒక ల్యాపు ముందున్నవాడు వస్తున్నాడు, దారివ్వు. ఎవరు ఎందుకు పెట్టారో గాని, ఈ ఆట కళ్లతో చదువుకోవడానికే కుట్టినట్టుంటుంది.

వెనక బండి

ఇక్కడ మాత్రం తేలిగ్గా తీసిపారేయలేను. వినిపించేవాడికి మలుపులోకి దిగుతుంటే ఎడమ చెవిలో ఇంకో ఇంజిన్ మోత పెరుగుతూ వస్తుంది. వాడు లోపలి గాడిలోంచి దూరబోతున్నాడని అర్థం. వెంటనే ఆ దారికి అడ్డం పడతాడు, లేదా జాగ్రత్తపడతాడు. వినిపించనివాళ్లకి ఆ కబురు రాదు. ముందు చక్రం పక్కన ఇంకో చక్రం కనపడేదాకా తెలియదు.

ఫియోలెక్ దీనికి నీడలు చూసేది. ఎండ వెనక నుంచి పడుతున్న మలుపుల్లో పక్కవాడి నీడ అతని కన్నా ముందే వస్తుంది. రెండోది, తన గీత వదలకపోవడం. మలుపులో ఏ గాడి పట్టుకుందో అదే గాడిలో బయటికి రావడం, మధ్యలో అటూ ఇటూ ఊగకపోవడం. ఇది చిన్న మాటలా ఉంటుంది గాని చాలా పెద్ద సంగతి. ముందున్న బండి ఎటు పోతుందో కచ్చితంగా తెలిస్తే వెనకవాడు తన దారి తను చూసుకుంటాడు. ఢీకొట్టుకునేది ముందువాడు మనసు మార్చుకున్నప్పుడే. పుట్టుకతో వినిపించనివాళ్లలో పక్కచూపు మీద శ్రద్ధ ఎక్కువని పరిశోధకులు చెబుతారు. గాగుల్స్ ఆ పక్కచూపుని కొంత కోసేస్తాయి, అదొక్కటే ఇబ్బంది. అందుకే ఫ్రేము వెడల్పుగా ఉన్న గాగుల్స్ కొనండి. బురద అంటుకుంటే చించి పారేసే పొరలు, టియర్‌ఆఫ్‌లు అంటారు, మిగతావాళ్లకన్నా రెండు ఎక్కువే పెట్టుకోమనండి.

జెండా మనిషిగా నేను చూసింది ఒకటి చెబుతాను. మా దగ్గరి ట్రాక్‌కి చెవులు వినిపించని కుర్రాడొకడు వచ్చేవాడు, పదహారేళ్లుంటాయి. నేను నిలబడే టేబుల్‌టాప్ జంప్ (పైన బల్లలా చదునుగా ఉండే గుట్ట) దగ్గరికి వచ్చినప్పుడల్లా, ప్రతి ల్యాపులోనూ, అర క్షణం నా చేతుల వైపు చూసేవాడు. నేను ఉత్త చేతులతో ఉన్నా చూసేవాడు. మిగతా పిల్లలు నన్ను కంచెకి కట్టిన గుడ్డ కిందే జమకట్టేవాళ్లు. ఒకరోజు ఆ జంప్ వెనక, పైకెక్కేదాకా కనపడని చోట ఒక అబ్బాయి పడిపోయాడు. నేను పసుపు జెండా ఊపుతున్నాను, ఈల కూడా వేస్తున్నాను. ముందుగా వచ్చినవాడు మా వినిపించని కుర్రాడే. జెండా చూశాడు, థ్రాటిల్ మూసి మెల్లగా దొర్లుకుంటూ దాటాడు. వాడి వెనక వచ్చిన ఇద్దరూ చెవులున్నవాళ్లే, ఎగిరి దూకారు. పడినవాడి కాలికి జానెడు దూరంలో చక్రం దిగింది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి ఈల తీసుకెళ్లడం మానేశాను.

అసలు నష్టం ఎక్కడ

ట్రాక్ బయట. నా అనుభవంలో నూటికి తొంభై ఇబ్బందులు బండి దిగాకే.

పొద్దున్నే రైడర్ల మీటింగ్ ఉంటుంది. ఎవరో ఒకరు పికప్ ట్రక్ మీదెక్కి మైకులో గబగబా చెప్పేస్తారు. ఏ మలుపు మార్చారు, ఎక్కడ నీళ్లు కొట్టారు, ఏ క్లాసు (రైడర్లని విడదీసిన విభాగం) తర్వాత ఏ క్లాసు, అన్నీ. ఒకసారి ఒక చిన్న ట్రాక్‌లో (పేరెందుకులెండి) వాన వచ్చేలా ఉందని మధ్యాహ్నం క్లాసుల వరస మార్చేశారు. మార్చిన సంగతి లౌడ్‌స్పీకర్లో రెండుసార్లు చెప్పారు, నోటీసు బోర్డు మీద మాత్రం పాత కాగితమే. పన్నెండేళ్ల వినిపించని పిల్ల గుడారం కింద కూర్చుని గొలుసుకి నూనె వేసుకుంటోంది. వాళ్ల నాన్న నీళ్ల సీసాలు తేవడానికి వెళ్లాడు. ఆ పిల్ల తలెత్తి చూసేసరికి తన క్లాసు రెండో ల్యాపులో ఉంది. నూనె డబ్బా చేతిలో పట్టుకుని కంచె దాకా నడిచొచ్చి, తన రేసు తనే చూస్తూ నిలబడింది. ఏడవలేదు. అదే నాకు ఎక్కువ బాధేసింది. నిర్వాహకులు ఫీజు తిరిగి ఇస్తామన్నారు, అది కూడా మైకులోనే.

రెండో నష్టం బండి జబ్బులు. గొలుసు వదులైతే, వాల్వు టకటకలాడితే, సైలెన్సరు బోల్టు ఊడితే వినిపించేవాడు ముందే పసిగడతాడు. వణుకులోకి వచ్చేసరికి ఆ జబ్బు ముదిరిపోయి ఉంటుంది. కాబట్టి వినిపించని రైడరుకి చెవులున్న మెకానిక్ కావాలి. ప్రతి ప్రాక్టీసుకీ ముందు ఎవరో ఒకరు బండిని నిలబెట్టి, స్టార్ట్ చేసి వినాలి.

ఇక ఫియోలెక్ విషయంలో నా అభిప్రాయం ఒకటుంది, ఒప్పుకోనివాళ్లు ఒప్పుకోకండి. అందరూ ఆమె చెవుల గురించే రాశారు. ఆమెకు ఎక్కువ అడ్డొచ్చింది మహిళల క్లాసు కావడం. సైగల భాషలో మాట్లాడితే పక్కన దుబాసీ ఉంటే సరిపోయింది, ఇంటర్వ్యూలూ స్పాన్సర్లూ అన్నీ అలాగే నడిచాయి. కానీ మగవాళ్లు ముప్పై నిమిషాలూ ఆపైన రెండు ల్యాపులూ పరుగెత్తే చోట ఆడవాళ్ల రేసులు పొట్టివి. టీవీలో కనపడేది తక్కువ, చేతికొచ్చే డబ్బూ తక్కువే. 2012 టైటిల్ తర్వాత, ఇరవై రెండేళ్లకు ఆమె ప్రొఫెషనల్ రేసులు వదిలేసి స్టంట్ షోల వైపు వెళ్లిపోయింది. కొన్నాళ్లకి ఎక్స్ గేమ్స్‌లో ఆడవాళ్ల మోటోక్రాస్ రేసు కూడా ఆగిపోయింది. చెవుల గురించి పత్రికలు రాసిన దాంట్లో సగమైనా దీని గురించి రాసి ఉంటే బాగుండేది.

పనిలో పనిగా ఇంకో పేరు. వేగం ఆటల్లో వినిపించని ఆడవాళ్లకు దారి వేసింది ఫియోలెక్ ఒక్కతే కాదు. టెక్సస్‌లో పుట్టి, పసితనంలో జబ్బు చేసి వినికిడి పోగొట్టుకున్న కిటీ ఓనీల్ 1976లో ఆరెగన్ రాష్ట్రంలోని ఆల్వర్డ్ ఎడారిలో రాకెట్ బండిని గంటకి సగటున 512 మైళ్ల వేగంతో, అంటే 825 కిలోమీటర్ల లెక్కన నడిపింది. మహిళల్లో ఆ రికార్డు నలభై ఏళ్లకు పైగా నిలిచింది. ఆవిడ కొన్నాళ్లు మోటారుసైకిల్ రేసులూ ఆడింది, సినిమాల్లో స్టంట్లూ చేసింది. మీ పాపకి ఇద్దరి వీడియోలూ చూపించండి.

ఇప్పుడు మీ పాప

ఈ భాగం మా ఆవిడ పక్కన కూర్చుని రాయించింది.

ముందు కళ్లు. వినికిడి లేకుండా పుట్టిన పిల్లల్లో కొందరికి అషర్ సిండ్రోమ్ ఉంటుంది. దాంట్లో వయసు పెరిగే కొద్దీ చీకట్లో చూపు, పక్కచూపు తగ్గుతూ వస్తాయి. మొదట్లో ఇంట్లోవాళ్లకి తెలియదు. సాయంత్రం వేళ తడబడటం, గుమ్మాలకి భుజం తగలడం లాంటివి "ధ్యాస లేదు" అని తిట్టి వదిలేస్తుంటాం. పైన చెప్పిన ఉపాయాలన్నీ కళ్ల మీద నిలబడ్డవే కదా, ఆ కళ్లే నమ్మకంగా లేకపోతే మట్టిలో బండి వద్దు. అక్షరాల చార్టు ఒక్కటే సరిపోదు, రెటీనా చూడమనండి, పక్కచూపు కొలిచే ఫీల్డ్ టెస్టు అడిగి చేయించండి.

తర్వాత బ్యాలెన్స్. వినికిడి అవయవం, తూకం చూసే అవయవం రెండూ లోపలి చెవిలో ఇరుగుపొరుగు. ఒకటి దెబ్బతిన్న పిల్లల్లో కొందరికి రెండోదీ దెబ్బతింటుంది, మెదడు పొరల వాపు (మెనింజైటిస్) లాంటి జ్వరాలతో వినికిడి పోయినవాళ్లలో మరీను. పాప ఎన్నో నెలలో నడిచిందో గుర్తు తెచ్చుకోండి. బాగా ఆలస్యమైతే అది ఒక సూచన. కళ్లు మూసుకుని ఒంటికాలి మీద ఎంతసేపు నిలబడగలదో ఇంట్లోనే చూడొచ్చు గాని, తీర్పు మాత్రం లోపలి చెవి తూకాన్ని కొలిచే వెస్టిబ్యులర్ పరీక్ష చేసేవాళ్లకే వదిలేయండి. సైకిలు బాగా తొక్కుతుందంటే మంచిదే. కానీ సైకిలు గాల్లోకి ఎగరదు.

కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి అమర్చే వినికిడి పరికరం) ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే బయటి ప్రాసెసర్ తీసేసి హెల్మెట్ పెట్టుకోవాలి. లోపలిది మాత్రం తల లోపలే ఉంటుంది, పడితే దెబ్బ దాని మీదా తగలొచ్చు. ఈ ఆట ఆడొచ్చా అన్నది ఆపరేషన్ చేసిన సర్జన్ చెప్పాల్సిందే. ఇక్కడ రాసే నాలాంటివాళ్ల మాట పట్టుకోకండి.

బండి. మొదటిది క్లచ్ లేని 110 సీసీ డర్ట్ బైక్ అయితే మేలు. గేర్లు ఉంటాయి, క్లచ్ బెడద ఉండదు, వణుకుకీ గేరుకీ లంకె చేతులకి తెలిసొస్తుంది. మొదటి రోజు అసలు నడపనివ్వకండి. స్టాండు వేసి, ఇంజిన్ ఆన్ చేసి, పాపని గ్లౌజులు లేకుండా హ్యాండిల్ పట్టుకోమనండి, పాదాలు పెగ్స్ మీద. మీరు నెమ్మదిగా రేజ్ చేస్తూ పోండి. ఎక్కడ జివ్వుమందో తనే వేలెత్తి చూపించాలి. పది నిమిషాల్లో ఆట అయిపోతుంది తనకి. ఆ తర్వాత కళ్లు మూసుకుని చేయమనండి.

చట్టం సంగతి. ఇండియాలో రోడ్డు మీదకైతే గేర్ల బండికి పద్దెనిమిది నిండాలి, అది అందరికీ ఒకటే. వినికిడి లేనివాళ్లకి లైసెన్సు ఇవ్వరనే మాట ఇంకా వినపడుతూ ఉంటుంది. 2011లోనే ఢిల్లీ హైకోర్టు, డ్రైవింగ్ పరీక్ష నెగ్గితే ఇవ్వాలని చెప్పింది. ఇప్పటికి మాత్రం మూసి ఉన్న ట్రాక్, పూర్తి కవచాలు. రేసుల దాకా వస్తే ఎఫ్‌ఎంఎస్‌సీఐ (భారత మోటారు క్రీడల క్లబ్బుల సమాఖ్య) లైసెన్సు కావాలి, దానికి వైద్య పరీక్ష ఉంటుంది. ముందే రాతపూర్వకంగా చెప్పి అడగండి, ఆఖరి నిమిషంలో గేటు దగ్గర వాదించుకునే పరిస్థితి తెచ్చుకోవద్దు.

ట్రాక్‌కి వెళ్లిన ప్రతిసారీ రెండు పనులు మీవి. మొదటిది, జెండా పట్టుకునే ప్రతి మనిషి దగ్గరికీ పాపని తీసుకెళ్లి ముఖాముఖి చూపించండి, "తనకి వినపడదు, జెండానే చూస్తుంది" అని ఒక్క మాట చెప్పండి. మా దగ్గర ఆ కుర్రాడి తల్లి అలాగే చేసేది. ఆ రోజు నేను జెండా ఇంకాస్త ఎత్తుగా పట్టుకునేవాణ్ణి. రెండోది, మైకులో ఏం చెప్పినా దాన్ని కాగితం మీద పెట్టమని నిర్వాహకులని అడగండి. విసుక్కుంటారు, అయినా అడగండి.

కంచె పక్కన మీరు చూపించే పలక మీద రెండు మాటలకు మించి రాయకండి. దాన్ని చదవడానికి తనకి దొరికేది అర సెకను. పైగా ప్రతి ల్యాపులోనూ మీరు అదే చోట నిలబడాలి. ఫొటో బాగా వస్తుందని పక్కకి జరిగితే ఆ అర సెకను మిమ్మల్ని వెతకడానికే పోతుంది.